లుబ్లియానాకు ఇద్దరం

మాచర్ల,
6 అక్టోబరు 2024

వాసంతీ,

కుశల ప్రశ్నలు నీకు వదిలేస్తున్నాను, అవి నువ్వు బాగా రాస్తావు. నేను సూటిగా విషయానికొస్తాను. మనం యూరప్ వెళ్దాం.

నవ్వకు. మొన్న బస్టాండు ఎదురుగా రోడ్డు దాటుతుంటే వెనక నుంచి ఆటో వచ్చి నన్ను రాసుకుంటూ పోయింది. డ్రైవరు దిగి ఏదో అరిచాడు. పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. "ఏందమ్మా, చెవుడా?" అంటున్నాడు. "అవునయ్యా, చెవుడే" అన్నాను. పాపం, సిగ్గుపడి ఆటో ఎక్కాడు. ఈ ఏడాదిలో ఇది మూడోసారి. చెవిలో మిషను పెట్టుకుంటే బజారంతా ఒకేసారి నా తలలోకి దూరినట్టుంటుంది, ఏ చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియదు. అందుకని కదలడమే మానేశాను. పాతికేళ్ళు పిల్లలకు దేశాలూ రాజధానులూ చెప్పిన సోషల్ టీచర్ని, ఇప్పుడు పాల ప్యాకెట్టు కూడా పక్కింటి అల్ఫియా చేత తెప్పించుకుంటున్నాను.

ఆదివారం పేపర్లో ఒక వ్యాసం పడింది. స్లొవేనియా అని చిన్న దేశం, దేశమంతా కలిపి మన పల్నాడు జిల్లా అంత జనం. దాని రాజధాని లుబ్లియానా. కొండ మీద కోట, కింద ఏరు, ఏటి మీద పక్కపక్కనే మూడు వంతెనలు. మూడు రోజుల్లో చూసేయొచ్చట. అసలు సంగతి అది కాదు. పాత ఊరి నడిబొడ్డులోకి కార్లనీ మోటారు సైకిళ్ళనీ రానివ్వరట. రోడ్డు మధ్యలో నడవొచ్చు వాసంతీ, వెనక్కి తిరిగి చూసుకోకుండా.

ఇంకో సుఖం కూడా ఉంది. వాళ్ళ భాష నీకూ రాదు. ఎవరేమన్నా నీకూ నాకూ ఒకటే.

నీకు పాస్‌పోర్టు ఉంది, నాకు లేదు. మా తమ్ముడు ఏసోబు కూతురు వందన హైదరాబాదు నుంచి కంప్యూటర్లో దరఖాస్తు పెడతానంది. మే నెలలో వెళ్దాం. ఫోను చేయకు, వినపడదు. మెసేజీలు పెట్టకు, ఆ బుల్లి అక్షరాలు నావల్ల కాదు. ఉత్తరం రాయి.

మణి


నరసరావుపేట,
15 అక్టోబరు 2024

ఏమే మణీ,

నువ్వు వదిలేసిన కుశల ప్రశ్నలన్నీ నేను అడిగినట్టూ, నువ్వు బాగున్నానని చెప్పినట్టూ అనుకుందాం. నవ్వలేదే. లుబ్లియానా, లుబ్లియానా అని వంటింట్లో పదిసార్లు పైకి అన్నాను. పనిమనిషి వచ్చి "ఏంది మేడమ్, ఎవర్ని పిలుస్తున్నారు?" అంది.

వస్తాను. మారు మాట లేదు. ఇరవై రెండేళ్ళు మన ఊరి హైస్కూల్లో ఒకే బల్లకి చెరో పక్కన కూర్చున్నాం. నువ్వు మ్యాపు చుట్ట చంకలో పెట్టుకుని క్లాసుకి పోతుంటే, ఆ ఊళ్ళన్నీ చూసొచ్చినదానిలా పోతావని ఏడిపించేదాన్ని. చెవుల వల్ల నువ్వు ముందే రిటైరై మాచర్ల వెళ్ళిపోయాక ఆ బల్ల ముందు కూర్చోబుద్ధి కాలేదు. ఆ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటా.

నా పాస్‌పోర్టు సంగతి నీకు తెలుసు. సింగపూరు తీసుకెళ్తానని మా ఆయన తీయించారు, పది రోజుల్లో ఇంటికొచ్చింది. ఆయన పోయి రెండేళ్ళయింది. అందులో ఒక్క ముద్ర కూడా లేదు. దాన్ని చూస్తే ఆయన మీద జాలేస్తుంది, నా మీద కోపమొస్తుంది.

పచ్చళ్ళు నేను తెస్తాను. గోంగూర విమానంలో రానిస్తారో లేదో కనుక్కోవాలి. ఊరికి వెళ్ళడం తగ్గించాను. పొలమూ, పార్టీ గొడవలూ అన్నీ మా మరిది పుల్లారావే చూసుకుంటున్నాడు. ఏసోబు ఎలా ఉన్నాడు? మీ వాళ్ళూ మా వాళ్ళూ ఎలా కొట్టుకు చచ్చినా మన మధ్యకి అది రాలేదు, అదే పదివేలు.

నీ
వాసంతి


మాచర్ల,
9 నవంబరు 2024

వాసంతీ,

దరఖాస్తు పెట్టాం. గుంటూరు వెళ్ళి వేలిముద్రలూ ఫోటో ఇచ్చొచ్చాను. ఫోటోలో నేను ఎవరినో మింగడానికి చూస్తున్నట్టున్నాను. ఇక పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది.

ఉత్తరం తర్వాత నువ్వు విడిగా పంపిన కార్డులోని కోరికలకు వరసగా జవాబులు. పనిలో పనిగా వియన్నా కూడా చూద్దామన్నావు. వద్దు. ఒక్క ఊరు, నెమ్మదిగా. కోటకి అద్దాల బండి ఒకటి కొండ మీదికి పాకుతూ పోతుందట, అందులో వెళ్దామన్నావు. సరే, నా మోకాళ్ళ తరఫున కృతజ్ఞతలు. బ్లెడ్ అనే చెరువు గంట ప్రయాణమట, మధ్యలో లంక, లంక మీద చర్చి. అక్కడికి మాత్రం నేను తప్పకుండా వెళ్ళాలి. నువ్వు పడవలో కూర్చుని భయపడు, నేను ప్రార్థన చేసుకుని వస్తాను.

గోంగూర వద్దు. మూడు రోజులు గోంగూర లేకపోతే చచ్చిపోం.

ఈ నెల్లాళ్ళుగా రోజూ సాయంత్రం మేడ మీద అరగంట నడుస్తున్నాను. వీధిలో నడిచే ధైర్యం లేదు గానీ కాళ్ళను సిద్ధం చేసుకోవాలి కదా. అల్ఫియా వాళ్ళమ్మ తన మేడ మీద నుంచి చూసి "టీచర్‌గారూ, చానా ఖుషీగా ఉన్నారే!" అని చేతులూపింది. ఖుషీగానే ఉన్నాను. దాచుకోవడం దేనికి.

మణి


నరసరావుపేట,
20 నవంబరు 2024

మణీ,

ఏటి ఒడ్డున హోటలు చూశాను. కిటికీ తెరిస్తే నీళ్ళు కనిపిస్తాయట. గదిలో రెండు మంచాలు విడివిడిగా ఉన్నాయి, నా గురక గొడవ నీకు ఎలాగూ లేదు. ప్రస్తుతానికి పేర్లు రాయించి పెట్టాను. మార్చి దాకా ఎప్పుడైనా వద్దని చెప్పొచ్చట.

రాళ్ళు పరిచిన వీధులట, మెత్తని బూట్లు కొనుక్కో. చీర మీద బూట్లేమిటని సిగ్గుపడకు, అక్కడ మనల్ని ఎరిగినవాళ్ళెవరూ లేరు. నేనైతే పంజాబీ డ్రెస్సు కుట్టించుకుంటున్నాను. అరవై నాలుగేళ్ళకి! మా వీధి టైలరు రాహేలు కొలతలు తీసుకుంటూ ఒకటే నవ్వు.

పోలీసు వెరిఫికేషన్ నీ విషయంలో మాచర్ల స్టేషన్లోనే అయిపోతుందా? మన ఊరివైపు కారంపూడి స్టేషన్లో కూడా అడుగుతారా? ఊరికే అడిగాను. నాకు అప్పుడు ఎలా జరిగిందో గుర్తు లేదు.

నీ
వాసంతి


మాచర్ల,
17 డిసెంబరు 2024

వాసంతీ,

నాకు పాస్‌పోర్టు రాదు.

స్టేషనుకి పిలిచారు. తహసీన్ అనే ఆడ కానిస్టేబులు, మర్యాదస్తురాలు. నాకు వినపడదని తెలిసి తెల్లకాగితం తీసుకుని రాసి చూపించింది. "మీ మీద కేసు ఉందమ్మా. కారంపూడి స్టేషన్. 2021." "ఇంకెవరిదో కాగితం చూస్తున్నావమ్మా" అన్నాను. ఆమె కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. దారా కృపామణి, తండ్రి దావీదు, వయసు అరవై, రిటైర్డు ఉపాధ్యాయిని. అన్నీ నావే. అలాంటి మనిషి ఇంకొకరు ఉండే అవకాశమే లేదు.

పంచాయతీ ఎన్నికల రోజు మన ఊళ్ళో జరిగిన రాళ్ళ గొడవ గుర్తుందా, మీ పుల్లారావు తలకి ఆరు కుట్లు పడ్డాయి? ఆ కేసులో ఇరవై ముగ్గురు ముద్దాయిలట. నేను పదిహేడో ముద్దాయిని. ఆ రోజు నేను గుంటూరులో చెవి డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాను.

ఏసోబుని పిలిపించి నిలదీశాను. వాడికి మొదటి నుంచీ తెలుసట. "నీకు చెప్పి బాధపెట్టడం ఎందుకులే, రేపో మాపో రాజీ అయిపోద్దిగా అనుకున్నా అక్కా" అని కాగితం మీద రాశాడు. నాలుగేళ్ళ క్రితం పొలం పత్రాలని నా చేత ఒక సంతకం పెట్టించుకున్నాడు. అది లాయరుకిచ్చే వకాల్తా అట. ఆ లాయరే నా తరఫున వాయిదాలు తీసుకుంటున్నాడు. నేను నాలుగేళ్ళుగా కోర్టులో ఉన్నాను, ఆ సంగతి నాకే తెలియదు.

పాతికేళ్ళ సర్వీసులో మెమో కూడా అందుకోని దాన్ని. ఫిర్యాదు కాపీ తెమ్మని ఏసోబుకి చెప్పాను. నా పేరు ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో చూడాలి.

నిన్న మేడ మీదికి వెళ్ళలేదు.

మణి


నరసరావుపేట,
24 డిసెంబరు 2024

నా మణికి,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచీ మనసు మనసులో లేదు. రేపు పండగ పూట నువ్వు ఇలా కుమిలిపోతుంటావని తలుచుకుంటే అన్నం దిగడం లేదు. నీ మీద కేసేమిటే! ఆ గొడవలో మా వాళ్ళు చెప్పిన పేర్లు కొన్ని, నోటికొచ్చినవి కొన్ని కలిపి ఏ స్టేషన్ రైటరో రాసేసి ఉంటాడు. అలాంటివి మన వైపు ఎన్ని జరగడం లేదు! మా ఆయన ఉండుంటే నిలదీసి అడిగేదాన్ని.

ఆ కాపీ తెప్పించుకుని ఏం చేస్తావు? చదివితే రక్తపోటు పెరగడం తప్ప. ఎవరైనా మంచి లాయరుని పట్టుకుందాం. పుల్లారావుతో మాట్లాడి రాజీకి ఒప్పిస్తాను. హోటలు వాళ్ళకి ఏమీ చెప్పలేదు, మన పేర్లు అలాగే ఉన్నాయి.

బ్లెడ్ చెరువు ఫోటోలు చూశాను. చలికాలంలో చుట్టూ మంచు. నువ్వన్నట్టే, లంక మీద చిన్న చర్చి. అందులో ఒక గంట ఉందట, మొక్కుకుని తాడు లాగితే కోరిక తీరుతుందట. నువ్వు లాగుదువుగాని. ధైర్యంగా ఉండు.

ఎప్పటికీ నీ
వాసంతి


మాచర్ల,
6 జనవరి 2025

వాసంతికి,

ఫిర్యాదు కాపీ మూడో తారీఖున వచ్చింది. చేత్తో రాసిన మూడు పేజీలు. చదివాను.

దస్తూరీ చాలా బాగుంది. ఎక్కడా కొట్టివేత లేదు. మిగతా ముద్దాయిల పేర్ల పక్కన "ఫలానా వాడి తమ్ముడు", "ఫలానా వాడి బావమరిది" అని మాత్రమే ఉంది. నాకు ఒక్కదానికే ఇంటిపేరు, తండ్రి పేరు, వయసు, ఉద్యోగం పూర్తిగా ఉన్నాయి. అందుకే పోలీసుల కంప్యూటర్లో నేను వెంటనే దొరికాను. లాయరు చెప్పాడు, "ఏసోబు అక్క" అని మాత్రమే ఉంటే మీరేనని తేల్చలేక వదిలేసేవాళ్ళమ్మా అని.

ఇది ఎవరు రాశారో నీకేమైనా తెలిస్తే నాకు రాయి. తెలియకపోతే తెలియదని రాయి.

మణి


నరసరావుపేట,
21 జనవరి 2025

మణీ,

ఆలస్యానికి ఏమనుకోకు, నాలుగు రోజులు జలుబు, ఒళ్ళు నొప్పులు. పుల్లారావుకి ఫోను చేశాను, పొలం పనుల్లో ఉన్నాడు, మళ్ళీ మాట్లాడతానన్నాడు. ఆ రోజుల్లో ఇల్లంతా గొడవగా ఉండేది, ఎవరు ఏం రాశారో ఎవరికి గుర్తుంటుంది. హోటలు వాళ్ళు మళ్ళీ అడిగారు, ఉంచమన్నాను. బూట్లు కొన్నావా?

వాసంతి


మాచర్ల,
10 ఫిబ్రవరి 2025

వాసంతి గారికి,

మే ప్రయాణం నేను మానుకున్నాను. హోటల్లో నా పేరు కొట్టేయించండి. మీ పాస్‌పోర్టుకి ఇబ్బంది లేదు కాబట్టి మీరు వెళ్ళి రండి. ఊరు బాగుంటుంది.

బూట్లు కొన్నాను. వందనకి ఇచ్చేశాను, దానికి సరిపోయాయి.

కృపామణి


నరసరావుపేట,
2 మార్చి 2025

మణీ,

"గారు" అని చదివి మూడు వారాలైంది. ఈ మూడు వారాల్లో ఎనిమిది ఉత్తరాలు రాసి చించేశాను. ఇది చించకుండా పోస్టు డబ్బాలో వేయాలని దేవుడి ముందు పెట్టుకుని రాస్తున్నాను.

నేనే రాశాను.

ఆ రోజు పుల్లారావుని ఆసుపత్రికి తీసుకెళ్ళాక మా హాల్లో ఎనిమిది మంది చేరారు. అందరూ కోపం మీద ఉన్నారు. నేను కాఫీ ఇవ్వడానికి వెళ్తే మా ఆయన తెల్లకాగితాలు నా చేతిలో పెట్టి, "నీ దస్తూరీ బాగుంటది, కూర్చుని రాయి" అన్నారు. కూర్చున్నాను. వాళ్ళొక లెక్క పెట్టుకున్నారు. ఇంటికో పేరు. రాళ్ళు వేసినవాళ్ళతో ఆగితే లాభం లేదు, అవతలి పార్టీలో ప్రతి ఇంటి నుంచీ ఒకరిని ఎక్కిస్తే ఎవరూ ఎవరి కోసమూ తిరగలేరు. వాళ్ళు చెప్తుంటే నేను రాస్తూ పోయాను. మీ ఇల్లు వచ్చింది. ఏసోబు పేరు అప్పటికే ఉంది. ఎవరో అన్నారు, "వాళ్ళక్క ఉందిగా, చదువుకున్నది. ఆమె బయటుంటే లాయర్ల చుట్టూ తిరుగుద్ది. ఆమెనీ ఎక్కించండి."

నేను కలం ఆపాను. "ఆమె ఊళ్ళోనే ఉండదుగా, చెవులు కూడా వినపడవు" అన్నాను. ఆపింది ఆ ఒక్క క్షణమే మణీ. మా ఆయన నా వైపు చూసి, "ఎక్కిస్తే ఏమైద్ది? రేపు రాజీలో పోయేదేగా. రాయి" అన్నారు. అప్పట్లో నువ్వింకా మెసేజీలు పెట్టేదానివి. ఆ రోజు పొద్దున నాకు పెట్టావు, గుంటూరులో డాక్టరు కోసం కూర్చున్నానని. నువ్వు అక్కడ లేవని ఆ గదిలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అయినా రాశాను.

ఇంకో మాట కూడా చెప్పాలి, అది చెప్పడం ఇంకా కష్టం. వాళ్ళు "ఏసోబు అక్క" అని మాత్రమే అన్నారు. ఇంటిపేరూ, మీ నాన్నగారి పేరూ, వయసూ ఎవరూ అడగలేదు. స్కూల్లో నీ ఇంక్రిమెంటు కాగితం నుంచి పింఛను కాగితం దాకా అన్నీ నేనే నింపాను. నీ పేరు మొదలుపెడితే నా చెయ్యి అక్కడిదాకా వెళ్ళకుండా ఆగదు. ఎవరో మొరటువాడు రాసుంటే నువ్వు తప్పించుకునేదానివి. అంత శ్రద్ధగా రాసి నిన్ను పట్టించాను.

తర్వాత నీకు చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. రాజీ అయ్యాక చెబితే నవ్వుకుంటాం కదా అనుకున్నాను. రాజీ అవలేదు. నువ్వు లుబ్లియానా అన్న రోజు భయమేసింది. అయినా ఒప్పుకున్నాను, నీతో వెళ్ళాలని అంత ఆశ పుట్టింది.

నువ్వు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. కోర్టులో నిలబడి చెప్పమంటే చెబుతాను.

వాసంతి


మాచర్ల,
16 మార్చి 2025

వాసంతీ,

కాపీ చేతికొచ్చిన రోజే తెలిసింది. మొదటి వరుస కూడా చదవక్కర్లేకపోయింది. ఇరవై రెండేళ్ళు మన నోటీసు బోర్డు మీద ఆ అక్షరాలే చూశాను. మడిచి బైబిల్లో పెట్టుకుని నీ ఉత్తరం కోసం ఎదురుచూశాను.

పేరు రాసినందుకు కోపం లేదంటే అబద్ధం. ఉంది. కానీ అది తగ్గే కోపం. ఎనిమిది మంది మగాళ్ళు చుట్టూ నిలబడి, మొగుడు రాయమంటే, నీ స్థానంలో నేనైనా ఏం చేసేదాన్నో ప్రమాణం చేసి చెప్పలేను. ఆ హాలు నాకు తెలుసు. అందులో నువ్వు కాఫీలిచ్చేటప్పుడు తప్ప ఎప్పుడూ మాట్లాడింది లేదు.

నా కోపం డిసెంబరు మీద. మీ ఆయన లేరు. పుల్లారావు పక్కన లేడు. నరసరావుపేటలో నీ ఇంట్లో నువ్వొక్కదానివే కూర్చున్నావు. స్టేషన్ రైటరు అని నీ అంతట నువ్వే రాశావు. కాపీ తెప్పించుకోవద్దని నా రక్తపోటు మీద ప్రేమ చూపించావు. దాని కిందే బ్లెడ్ చెరువు, చర్చి, గంట. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. అప్పుడు చెప్పి ఉంటే నాలుగు తిట్లు తిట్టి, ఒక వారం ఏడ్చి, నీతోనే వెళ్ళేదాన్ని. నా సంగతి నీకు తెలియదా?

నాదీ తప్పుంది. జనవరిలో సూటిగా, నువ్వే రాశావా అని అడగాల్సింది. నీకై నువ్వు చెప్పాలని పంతం పట్టాను. పరీక్ష పెట్టాను, పిల్లలకి పెట్టినట్టు. మనిషికి అలా పరీక్ష పెట్టకూడదు.

లాయరు అంటున్నాడు, కేసు తేలడానికి ఏళ్ళు పడుతుంది గానీ కోర్టు అనుమతిస్తే ఒక్క ఏడాదికి పాస్‌పోర్టు ఇస్తారట. ఆ రోజు నేను అక్కడ లేనని నువ్వు ప్రమాణపత్రం ఇస్తే అనుమతి తేలిగ్గా వస్తుందట. ఇస్తానన్నావు కాబట్టి అడుగుతున్నాను. తప్పుడు ఫిర్యాదు రాసినందుకు నీ మీద కేసు పెట్టే వీలు కూడా ఉందని చెప్పమన్నాడు. ఆలోచించుకో.

కృపామణి


నరసరావుపేట,
14 జూన్ 2025

మణీ,

ఆలోచించుకోవడానికి ఏమీ లేకపోయింది. మనిద్దరం కోర్టులో కలిసినప్పుడు చెప్పలేనివి ఇప్పుడు రాస్తున్నాను.

సంతకం పెట్టే ముందు రోజు పుల్లారావు వచ్చాడు. తల మీద మచ్చ చూపించాడు. "వదినా, ఇది అబద్ధమా? ఆరు కుట్లు పడ్డయ్. మనోళ్ళ కాగితం తప్పని నువ్వే చెప్తే కేసు మొత్తం పోద్ది. అన్నయ్య పేరు ఏం కావాలి?" అన్నాడు. వాడి మాటా తప్పు కాదు. ఆ రాయి నిజమే, ఆ రక్తం నిజమే. "నీ దెబ్బ అబద్ధమని నేను అనను పుల్లారావూ, ఆమె అక్కడ లేదని మాత్రమే చెప్తా" అన్నాను. కాఫీ తాగకుండా లేచిపోయాడు. తర్వాత వాళ్ళింట్లో ఓణీల ఫంక్షను జరిగింది. నాకు పిలుపు లేదు. ఊళ్ళో నాకు ఇక ఇల్లు లేనట్టే. ఇది నీకు బరువు పెట్టడానికి రాయడం లేదు, నా చేతులారా తెచ్చుకున్నది.

గురజాల కోర్టు వరండాలో బెంచీ మీద నువ్వూ నేనూ పక్కపక్కనే రెండు గంటలు కూర్చున్నాం. ఎన్నో చెప్పాలనుకున్నాను. నీకు చెప్పాలంటే చెవి దగ్గర గట్టిగా అరవాలి. చుట్టూ జనం, ప్లీడర్లు, ఏసోబు. క్షమించు అన్న మాట అరిచి చెప్పేది కాదు కదే. అందుకని నీ సీసాలోని మంచినీళ్ళు అడిగి తాగాను. నువ్వు ఇచ్చావు. ఇంటికొచ్చి దానికే ఏడ్చాను.

అనుమతి వచ్చిందని వందన మెసేజ్ పెట్టింది. సంతోషం. ఒక్క ఏడాదే కాబట్టి ఆలస్యం చేయకు. సెప్టెంబరులో అక్కడ చలి ఎక్కువ ఉండదట. నువ్వు రమ్మంటే వస్తాను. రమ్మనకపోతే, ఎందుకని అడగను. ఎలాగైనా నువ్వు మాత్రం వెళ్ళు.

నీ
వాసంతి


లుబ్లియానా,
18 సెప్టెంబరు 2025

వాసంతీ,

జూన్ ఉత్తరానికి జవాబు రాయలేదు. వందనని తీసుకుని వస్తున్నానని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మంచిదని ఊరుకున్నాను, నేను రాయాల్సిన పని తప్పిందని. ఆ పిరికితనం నీ ఒక్కదానిదే కాదని ఇక్కడికొచ్చాక ఒప్పుకుంటున్నాను.

మొదటి రోజు వంతెన దిగి పాత ఊళ్ళో వీధి మధ్యలో నడిచాను. సైకిళ్ళు వస్తాయి గానీ మనుషుల్ని చూసి వాళ్ళే తప్పుకుంటారు. ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగుసార్లు, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా నడిచాను. వందన పక్కనే నడుస్తూ నన్ను ఫోటోలు తీసింది. అందులో నవ్వుతున్నాను. ఆ నవ్వు నిజమే, కాదనను.

ఊరు చిన్నది. రెండో రోజు మధ్యాహ్నానికి చూడాల్సినవన్నీ అయిపోయాయి. కోట చూశాం, మార్కెట్ చూశాం, ఇంకో వంతెన మీద రెక్కల డ్రాగన్ల బొమ్మలు చూశాం. నిన్న బ్లెడ్ కూడా అయిపోయింది. ఆ గంట తాడు నేను లాగలేదు. ఏం కోరుకోవాలో తేల్చుకోలేకపోయాను. ఈ రోజంతా ఏటి ఒడ్డున బల్ల దగ్గర కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. వందన మంచి పిల్ల, అడిగినవన్నీ కాగితం మీద రాసి చెప్తుంది. కానీ నేను ఏదైనా అంటే నవ్వడానికి దానికి మన ఊరు తెలియదు, మన స్కూలు తెలియదు. ఎదుటి బల్ల దగ్గర ఒకాయన అచ్చం మన పాత హెడ్మాస్టరులా మీసం దువ్వుకుంటున్నాడు. నీకు చూపిద్దామని పక్కకి తిరిగాను. అలా రోజుకి పదిసార్లు తిరుగుతున్నాను.

నువ్వు లేకుండా రావడం నీకు నేను వేసిన శిక్ష. అలా అని పైకి అనుకోలేదు గానీ అదే. నువ్వు చేయాల్సింది చేశావు. నీ వాళ్ళందరినీ పోగొట్టుకుని నాకు ఈ కాగితం ఇప్పించావు. దాని మీదే ఇక్కడికొచ్చి కూర్చున్నాను. శిక్ష పడింది ఎవరికో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

క్షమించానని రాద్దామనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ మాట రాయగలను, నిజంగానే క్షమించాను. కానీ ఆ తర్వాత నన్ను నేను ఇంకోటి అడిగాను. మళ్ళీ ఇలాంటి ప్రయాణమొకటి వస్తే వాసంతిని పిలుస్తానా అని. ఈ బల్ల దగ్గర పొద్దుటి నుంచీ అదే అడుగుతున్నాను.

పిలవనే వాసంతీ. పిలవలేను. నువ్వు నవ్వుతూ ఏదో చెప్తుంటే, దాని వెనక ఇంకేం ఉందో అని నీ పెదాలు చూస్తూ కూర్చుంటాను. అంతకంటే నువ్వు లేకపోవడమే నాకు తేలిక. ఈ మాట రాస్తుంటే ఏడుపు ఆగడం లేదు. వందన కంగారుపడి "ఏమైంది అత్తా?" అని కాగితం మీద రాసి చూపిస్తోంది.

మణి